ఫ్రెంచ్ అశ్వికదళ అధికారి కత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఫ్రెంచ్ కత్తుల గురించి ఎవరు అడిగినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. సేకరించేవాళ్ళకు ఎక్కువగా దొరికేది 1822 మోడల్ తేలికపాటి అశ్వికదళ అధికారి కత్తి. చాలా జవాబులు దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదట తెలుసుకోవాల్సినవి

అమ్మేవాళ్ళు "నెపోలియన్ కాలం కత్తి" అంటున్నారు. నమ్మొచ్చా?

చాలాసార్లు నమ్మకూడదు. నెపోలియన్ సెయింట్ హెలీనా దీవిలో చనిపోయింది 1821 మే 5న. మార్కెట్లో ఎక్కువగా కనిపించే వంకర కత్తి, చేతికి కాపుగా ఇత్తడి కమ్మీలుండే పిడి ఉన్నది, ఆ మరుసటి ఏడు 1822లో ఖరారైన మోడల్. అంటే అది నెపోలియన్ చూడని కత్తి. అలాగని తక్కువదేం కాదు. అల్జీరియాలో, క్రిమియాలో, మెక్సికోలో, 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫ్రెంచ్ రౌతుల నడుముకు వేలాడింది ఇదే. 1840లో అమెరికా సైన్యం తన బరువైన అశ్వికదళ కత్తిని దీని నమూనాలోనే చేయించుకుంది. నెపోలియన్ పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది కాబట్టి తగిలిస్తారు, అంతే.

అధికారి కత్తికీ మామూలు రౌతు కత్తికీ తేడా ఏమిటి?

రౌతుకు కత్తి ప్రభుత్వం ఇస్తుంది. అధికారి సొంత డబ్బుతో కొనుక్కుంటాడు. మిగతా తేడాలన్నీ ఈ ఒక్క కారణం వల్ల వచ్చినవే. రౌతు కత్తి పిడి చెక్క మీద తోలు చుట్టి, ఇత్తడి తీగ బిగించినది. ఇత్తడి కమ్మీలు నున్నగా ఉంటాయి. అధికారి కత్తికి సాధారణంగా గేదె కొమ్ము పిడి, దాని గాళ్ళలో మెలితిప్పిన సన్నని తీగ, కమ్మీల మీద, పిడి టోపీ మీద ఆకుల నగిషీ, ఆ ఇత్తడికి బంగారు పూత ఉంటాయి. అలుగు, అంటే పిడి తీసేస్తే మిగిలే ఉక్కు భాగం, అది కూడా తరచుగా తేలికగా, కొంచెం సన్నగా ఉంటుంది.

సొంతంగా కొనుక్కున్నవి కాబట్టి ఏ రెండూ అచ్చు ఒకేలా ఉండవు. నియమావళిలో ఒక నమూనా ఉంటుంది. తయారీదారు దానికి కొంచెం సొగసు కలుపుతాడు, అధికారి తన జేబును బట్టి ఎంచుకుంటాడు. మీ కత్తి పుస్తకంలోని బొమ్మకు కచ్చితంగా సరిపోలలేదని కంగారు పడకండి.

కొన్ని వంకరగా, కొన్ని తిన్నగా ఉన్నాయి. రెండూ గుర్రపు దళానివేనా?

రెండూ గుర్రపు దళానివే. హుస్సార్లు, షాసూర్లు అనే తేలికపాటి దళాలు వేగంగా తిరిగేవి, గస్తీ కాసేవి, పారిపోయేవాళ్ళను తరిమేవి. వాళ్ళకు నరకడానికి వీలైన వంకర కత్తి. ఛాతీకి ఉక్కు కవచం కట్టుకునే కుయిరాసియేలు, వాళ్ళతో పాటు డ్రాగూన్లు, వరుస కట్టి నేరుగా శత్రువు మీద పడే బరువైన దళాలు. వాళ్ళకు పొడవడానికి పనికొచ్చే తిన్నని, పొడవాటి అలుగు. నెపోలియన్ కాలపు కుయిరాసియే కత్తి అలుగు సుమారు 97 సెంటీమీటర్లు. 1807 ఫిబ్రవరి 8న ఐలావు యుద్ధంలో, మంచులో నెపోలియన్ సేనాని మ్యురా నడిపించిన మహా దాడిలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. శతాబ్దం చివరికి వచ్చేసరికి తిన్నని కత్తిదే పైచేయి అయింది. 1896 నాటి అశ్వికదళ అధికారి కత్తి అలుగు తిన్ననిదే.

"ఆన్ 9", "ఆన్ 11", "ఆన్ 13" మోడళ్ళు అంటారు. ఇవేం సంవత్సరాలు?

ఫ్రెంచ్‌లో "ఆన్" అంటే సంవత్సరం. ఇవి విప్లవం తర్వాత ఫ్రాన్స్ కొంతకాలం వాడిన రిపబ్లిక్ క్యాలెండర్ సంవత్సరాలు. 1792 సెప్టెంబర్ 22 నుంచి లెక్క. 9వ సంవత్సరం అంటే 1800-01, 11వది 1802-03, 13వది 1804-05. 1806 జనవరి 1 నుంచి మళ్ళీ పాత క్యాలెండర్ వచ్చింది కానీ మోడళ్ళ పేర్లు అలాగే ఉండిపోయాయి. ఆన్ 13 మోడల్ కత్తి అలుగు మీద 1811, 1812 అని కనిపిస్తే తప్పేమీ కాదు. మొదటిది మోడల్ ఖరారైన ఏడు, రెండోది ఆ కత్తి తయారైన ఏడు.

క్లింగెంటాల్ పేరుకు ఎందుకంత విలువ?

అల్సాస్‌లో, ఒబెర్నే ఊరికి దగ్గరలో, కొండల మధ్య ఉన్న చిన్న పల్లె అది. 1730లో రాజుగారి అలుగుల కర్మాగారం అక్కడ మొదలైంది. ఆ పని తెలిసినవాళ్ళు అప్పట్లో ఫ్రాన్స్‌లో చాలినంత మంది లేక, జర్మనీలోని జోలింగెన్ నుంచి కమ్మరులను కుటుంబాలతో సహా రప్పించారు. అడవి నుంచి బొగ్గు, వాగు నుంచి చక్రం తిప్పే నీళ్ళు. నెపోలియన్ సైన్యం కత్తుల్లో చాలా భాగం అక్కడివే.

ఒకటే చిక్కు, ఊరు సరిహద్దుకు మరీ దగ్గర. శత్రువు రైన్ నది దాటితే కర్మాగారం పోయినట్టే. 1814, 1815 దండయాత్రల్లో ఆ భయం నిజమైంది. అందుకే 1819లో దేశం లోపల షాతెల్రోలో కొత్త ఆయుధ కర్మాగారం పెట్టాలని నిర్ణయించారు. 1830ల్లో ప్రభుత్వ పనంతా అక్కడికి వెళ్ళిపోయింది. క్లింగెంటాల్‌లో కూలో కుటుంబం సొంతంగా తయారీ కొనసాగించింది. అధికారుల కత్తుల మీద "కూలో ఫ్రేర్" (కూలో సోదరులు) అనే పేరు తరచుగా కనిపించేది అందుకే. 1871 నుంచి 1918 వరకు ఆ పల్లె జర్మనీ చేతిలో ఉంది. కార్మికుల కథను చెప్పే చిన్న మ్యూజియం ఇప్పుడక్కడ ఉంది.

## కత్తి చేతిలో ఉన్నప్పుడు

మొట్టమొదట ఎక్కడ చూడాలి?

అలుగు వెన్ను చూడండి. పదునుకు ఎదురుగా ఉండే మందమైన అంచు అది. పిడికి నాలుగైదు వేళ్ళ దూరం వరకు కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే, సన్నని వాలు అక్షరాల్లో ఒక వరస కనబడుతుంది. చేత్తో చెక్కినవి. "మాన్యుఫాక్చూర్ రొయాల్ ద్ షాతెల్రో" (షాతెల్రో రాజ కర్మాగారం) అని, తర్వాత నెల, ఏడు, కొన్నిటి మీద మోడల్ పేరు కూడా. ఎదురు వెలుగులో కనబడని అక్షరం ఏటవాలు వెలుగులో లేచి నిలబడుతుంది, కాబట్టి తొందరపడి ఏమీ లేదనుకోకండి.

తర్వాత పిడికి ఆనుకుని ఉన్న, పదును పెట్టని భాగం చూడండి. అక్కడ చిన్న చిన్న గుండ్రటి ముద్రలుంటే అవి ప్రభుత్వ తనిఖీ అధికారులు కొట్టినవి. చివరగా పిడి పైభాగం. అలుగు నుంచి పిడి లోపలికి సాగే కాడ కొస అక్కడ బయటికి వచ్చి, సుత్తితో కొట్టి అణిచి ఉంటుంది. ఆ చుక్క చుట్టూ కొత్త గీతలు, వేరే రంగు కనిపిస్తే కత్తిని ఎవరో విప్పి బిగించారన్నమాట.

వెన్ను మీద "రొయాల్", "ఇంపీరియాల్", "నాసియొనాల్" అని రకరకాలుగా ఉంటుందెందుకు?

ఫ్రాన్స్‌ను ఆ రోజు ఎవరు పాలిస్తుంటే కర్మాగారం పేరు ముందు ఆ మాట. 1815 నుంచి 1848 వరకు రాజులు, కాబట్టి "రొయాల్". 1848 నుంచి 1852 వరకు రెండో రిపబ్లిక్, "నాసియొనాల్" (జాతీయ). 1852 నుంచి 1870 వరకు మొదటి నెపోలియన్ తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్ చక్రవర్తి, "ఇంపీరియాల్". 1870 తర్వాత మళ్ళీ "నాసియొనాల్". మాటకూ ఏడుకూ పొంతన కుదరాలి. 1835 అని ఉండి పక్కనే "ఇంపీరియాల్" అని ఉంటే అది దొంగ రాత.

నా కత్తి మీద ఏ రాతా లేదు, ముద్రా లేదు. నకిలీదేనా?

అలా అనలేం. ముద్రలు ప్రభుత్వం తనిఖీ చేసి తీసుకున్న కత్తులకు కొట్టేవారు. అధికారి పారిస్‌లో కత్తుల దుకాణంలో కొనుక్కుంటే దానికి ఆ తనిఖీ జరగదు. అలుగు క్లింగెంటాల్ నుంచో జోలింగెన్ నుంచో వచ్చేది, పిడి పారిస్‌లో వేసేవారు, పేరు కొన్నిసార్లు ఉండేది, కొన్నిసార్లు ఉండేది కాదు. రాతలేని అధికారి కత్తులు బోలెడున్నాయి. నిజానికి బాగా నగిషీ ఉన్న అధికారి పిడి కింద, ముద్రల మీద ముద్రలున్న రౌతు అలుగు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి. రెండు కత్తులను ఒకటి చేసి ఉండొచ్చు. కొందరు అధికారులు నేరుగా ప్రభుత్వ కర్మాగారం నుంచే కొనుక్కున్నారు కాబట్టి ముద్రలు ఉన్నంత మాత్రాన తోసిపుచ్చకండి. అలుగుకూ పిడికీ మధ్య సందు, పాతదనం రంగు, కాడ కొస మూడూ కలిపి చూసి చెప్పాలి.

అలుగు పైభాగం నీలంగా ఉంది, బంగారు బొమ్మలున్నాయి. తర్వాత వేయించిన రంగా?

రంగు కాదు, ఉక్కు నీలమే. మెరుగు పెట్టిన అలుగును సుమారు 300 డిగ్రీల దాకా సమంగా వేడి చేస్తే పైన అతి పలుచని పొర ఏర్పడి, అది నెమలికంఠం రంగులో కనిపిస్తుంది. బొమ్మలకు బంగారాన్ని పాదరసంతో కలిపి పూసి, వేడి చేసి పాదరసాన్ని ఆవిరిగా పోగొట్టేవారు. బంగారం ఉక్కును పట్టుకుని మిగిలేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ళ ఆరోగ్యం ఏమైపోయేదో ఊహించుకోవచ్చు. ఇంత అందం వెనక ఆ బాధ ఉందని తెలిసి చూడటం న్యాయం.

ఈ పని 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో బాగా నడిచింది. పాత నీలం ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. ఒర నోరు రాసుకునే చోట అరిగి, అక్కడక్కడ గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. అలుగంతా ఒకే నిగనిగతో ఉండి, గుంటల అడుగున కూడా నీలం కనబడితే, తుప్పు పట్టాక మళ్ళీ వేయించినదే.

ఒరకు ఒకటే కడియం ఉంది, రెండోది విరిగిపోయిందా?

విరగలేదు, తీసేశారు. మొదట రెండు కడియాలుండేవి, రెండు తోలు పట్టీలతో నడుముకు వేలాడేది. 1880ల్లో కత్తి మోసే పద్ధతి మారి, కింది కడియాన్ని తీయించారు. ఒర మీద కిందుగా ఒక పట్టీ అచ్చు, కొంచెం రంగు తేడా కనబడుతుంది. మీ కత్తి 1830ల్లో తయారైనదైతే, యాభై ఏళ్ళ తర్వాత కూడా సేవలో ఉందనడానికి అది సాక్ష్యం. రెండో కడియం కొత్తగా అతికించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఒరలో కత్తి గలగలలాడుతోంది. ఏమైనా లోపమా?

ఉక్కు ఒర లోపల అలుగుకు అటూ ఇటూ పలుచని చెక్క బద్దలుంటాయి. అవి అలుగును పట్టి ఉంచి, పదును పోకుండా కాపాడతాయి. అవి విరిగినా, ఎండి ఊడినా శబ్దం వస్తుంది. పాత కత్తికి ఇది మామూలే.

అలుగు మీద గంట్లున్నాయి. యుద్ధంలో పడ్డవేనా?

అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. సైన్యం వదిలేసిన కత్తులతో తర్వాతి తరాల పిల్లలు ఆడుకున్నారు, నాటకాల్లో వాడారు. వరుసగా, దగ్గరదగ్గరగా పడ్డ గంట్లు ఎక్కువగా అలాంటివే. శాంతికాలంలో కత్తికి పదును పెట్టేవారు కాదు, యుద్ధానికి బయల్దేరే ముందే పెట్టేవారు. కాబట్టి పాత పదును జాడ, దాని మీద విడిగా ఒకటి రెండు లోతైన గంట్లు ఉంటే కొంచెం ఆలోచించొచ్చు. అంతకు మించి కత్తి చెప్పదు, ఏ వ్యాపారీ చెప్పలేడు.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

ముందు ఒక మాట. ప్రతికృతులు తయారు చేయడం నేరం కాదు. మన డెహ్రాడూన్‌లో సినిమాలకు, పాత యుద్ధాలను మళ్ళీ ఆడి చూపించే బృందాలకు కత్తులు చేసి ప్రపంచమంతా పంపుతారు. నిజాయితీగా చేసే పని అది. వాటికి ముసలితనం తెప్పించి అసలని అమ్మడమే మోసం.

ఇత్తడి నగిషీ చూడండి. అసలుదానిలో పోత పోశాక ఉలితో ఆకు అంచులు, ఈనెలు పదునుగా దిద్దేవారు. నకిలీలో ఆకులు సబ్బుబిళ్ళ మీది అక్షరాల్లా మొద్దుగా ఉంటాయి, సూది గుచ్చినట్టు సన్నని గుంటలుంటాయి. కాడ కొస అణిచి ఉండటానికి బదులు మరతో బిగించిన నట్టు ఉంటే అది అలంకారపు కత్తి. అలుగు మీది గాడి చివర మెత్తగా తేలిపోవాలి, యంత్రం ఆపినచోట ఆగినట్టు ఉండకూడదు. తుప్పు కూడా చూసుకోండి. నిజమైన పాత తుప్పు నల్లగా, లోతుగా, అక్కడక్కడ ఉంటుంది. యాసిడ్ తుప్పు ఎర్రగా, అంతటా సమానంగా ఉంటుంది.

## కొనాలనుకున్నప్పుడు

ఎంత పెట్టొచ్చు?

పేరు తెలియని అధికారి కత్తి, 1822 మోడల్, ఒరతో సహా, యూరప్‌లో కొన్ని వందల యూరోల నుంచి దొరుకుతుంది. నీలం, బంగారం నిలిచి ఉన్నా, నెపోలియన్ కాలానిదని తేలినా, ఫలానా అధికారిదని కాగితం ఉన్నా వేలల్లోకి వెళుతుంది. వేలంలో కొంటే పాట ధర మీద వేలం సంస్థ రుసుము పాతిక శాతానికి అటూఇటూ పడుతుంది. దాన్ని లెక్కలో వేసుకోకుండా పాట పాడొద్దు. ఒర లేని కత్తిని చవకని కొని, తర్వాత ఒర వెతుక్కోవడం దాదాపు జరగని పని.

కోట్లకు అమ్ముడుపోయిన కత్తులు ఏవి?

ఇటలీలోని మారెంగో దగ్గర జరిగిన యుద్ధంలో నెపోలియన్ ధరించినదిగా చెప్పే బంగారు పొదుగుడు కత్తి 2007 జూన్‌లో ఫాంటెన్‌బ్లో వేలంలో 48 లక్షల యూరోలకు పైగా పలికింది. జాతీయ సంపదగా గుర్తించిన వస్తువు కావడంతో దాన్ని ఫ్రాన్స్ దాటించి పోగొట్టకుండా షరతులున్నాయి. 2025 మే 22న పారిస్‌లోని ద్రువో వేలం భవనంలో మరొకటి సుమారు 46.6 లక్షల యూరోలకు పోయింది. వెర్సాయ్ కర్మాగారంలో నికొలా నోయెల్ బుతే చేత నెపోలియన్ చేయించుకున్నది, తర్వాత అశ్వికదళ సేనాని ఇమాన్యుయెల్ ద్ గ్రూషీకి ఇచ్చినది.

బుతే పేరు గుర్తుపెట్టుకోండి. ఆయుధాల మీద శిల్పం అన్న మాటకు ఆయన పని నిలువెత్తు సాక్ష్యం. ధైర్యానికి బహుమతిగా ఇవ్వడం 1799 చివర్లో మొదలైన గౌరవ ఖడ్గాలలో మేలైనవి వెర్సాయ్ నుంచే వచ్చాయి. 1802లో లెజియన్ ఆఫ్ ఆనర్ అనే ప్రభుత్వ పురస్కారాన్ని నెలకొల్పాక కత్తులిచ్చే పద్ధతి ఆగిపోయింది.

"మా ముత్తాత వాటర్లూలో వాడినది" అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

కథను కత్తితో, కాగితంతో సరిచూడాలి. ముందు మోడల్. నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్లూ యుద్ధం 1815 జూన్ 18న జరిగింది, 1822 కత్తి అయితే కథ అక్కడే ఆగిపోతుంది. మోడల్ సరిపోతే, అధికారి పేరు అలుగు మీదో ఒర మీదో ఉందా చూడండి. పేరుంటే అదృష్టమే. ఫ్రెంచ్ అధికారుల సేవా పత్రాలు పారిస్ శివారులోని వాంసెన్ కోటలో, రక్షణ శాఖ చారిత్రక విభాగంలో భద్రంగా ఉన్నాయి. లెజియన్ ఆఫ్ ఆనర్ అందుకున్నవాళ్ళ దస్త్రాలు "లెయొనోర్" అనే డేటాబేస్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఏ దళం, ఎప్పుడు చేరాడు, ఎక్కడ గాయపడ్డాడు అన్నీ వాటిలో దొరుకుతాయి.

పేరు లేకపోతే కథకు డబ్బు కట్టొద్దు, కత్తికి కట్టండి.

హైదరాబాద్‌లో ఒకరు "ముసా రేమండ్ సైన్యం కత్తి" చూపించారు. నిజమై ఉండొచ్చా?

నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచ్ సేనాని రేమండ్ పెద్ద సైన్యాన్ని నడిపిన మాట నిజం. గన్‌ఫౌండ్రీ ఆయన హయాంలోదే, మూసారాంబాగ్‌కు పేరు ఆయన వల్లే వచ్చిందంటారు, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. అయితే ఆయన 1798 మార్చిలో పోయాడు. ఆ ఏడు అక్టోబర్‌లో బ్రిటిష్‌వాళ్ళు ఆ దళాన్ని నిరాయుధం చేసి రద్దు చేశారు. కాబట్టి 1800 తర్వాతి ఏ ఫ్రెంచ్ మోడల్ కత్తీ ఆయన సైన్యానిది కాలేదు. బుస్సీ పేరు చెప్పి, బొబ్బిలి యుద్ధం పేరు చెప్పి అమ్మేవాళ్ళకూ ఇదే లెక్క. ఆ యుద్ధం జరిగింది 1757లో.

విదేశంలో కొని ఇండియాకు తెచ్చుకోవచ్చా?

డబ్బు కట్టకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఆయుధాల చట్టం 1959, ఆయుధ నియమాలు 2016 ప్రకారం కత్తి కూడా ఆయుధమే. దిగుమతికి అనుమతి కావాలి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. మీ జిల్లాలో పరిస్థితి ఏమిటో పోలీసులను, కస్టమ్స్‌ను రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచాక పడే టెన్షన్ కన్నా ఇది నయం. ఏనుగు దంతం పిడి ఉన్నది జోలికి పోవద్దు, వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు. తర్వాత బయట అమ్ముకుందాం అనే ఆలోచన ఉంటే అది కూడా ముందే చూసుకోండి.

## సేకరణ చరిత్ర

ఈ కత్తులను సేకరించడం ఎప్పుడు మొదలైంది?

వాటర్లూ పొలాల్లో శవాలు ఉండగానే. చుట్టుపక్కల రైతులు కవచాలు, కత్తులు ఏరుకుని, చూడటానికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్ళకు అమ్మారు. రచయిత వాల్టర్ స్కాట్ ఆ ఏడు ఆగస్టులోనే అక్కడికి వెళ్ళి కవచాలు కొని స్కాట్లండ్‌లోని తన ఇంటికి తీసుకెళ్ళాడు.

శ్రద్ధతో చేసిన సేకరణ చిత్రకారులతో మొదలైందని నా అభిప్రాయం. మెసొనియే, ఎడువార్ దెతై నెపోలియన్ యుద్ధాలను గీయడానికి అసలు దుస్తులు, జీనులు, కత్తులు కొని ఎదురుగా పెట్టుకున్నారు. బొమ్మలో గుండీ తప్పు పడకూడదన్న పట్టుదల వల్ల, పాత ఇనుములోకి పోవాల్సినవి ఎన్నో బతికాయి. 1905లో పారిస్‌లోని ఇన్వలీద్ భవనంలో ఆర్మీ మ్యూజియం ఏర్పడేసరికి చూపించడానికి వస్తువులున్నాయంటే అందులో ఇలాంటివాళ్ళ చలవ ఉంది.

మంచి నమూనాలు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

పారిస్‌లో ఆర్మీ మ్యూజియం తప్పనిసరి. వాటర్లూలో ఫిరంగి గుండు దూసుకెళ్ళిన రౌతు కవచం కూడా అక్కడే ఉంది. దాని ముందు నిలబడితే ఈ వస్తువులు దేనికోసం చేసినవో మర్చిపోలేం. దక్షిణాన సలోం ద్ ప్రొవాంస్‌లోని ఎంపేరీ కోటలో బ్రూనో కుటుంబం సేకరణ ఉంది, 1967లో ఫ్రెంచ్ ప్రభుత్వం తీసుకుంది. అశ్వికదళ శిక్షణకు పేరుపడ్డ సొమ్యూర్‌లో ఆ దళానికే ఒక మ్యూజియం ఉంది.

## ఇంటికి వచ్చాక

మెరిసేలా తోమొచ్చా?

వద్దు. చింతపండు వద్దు, పీతాంబరి వద్దు, ఇత్తడి పాలిష్ అసలే వద్దు. ఇత్తడి మీద మీకు మురికిలా కనిపించేదాని కింద బంగారు పూత మిగిలి ఉండొచ్చు, ఒక్కసారి రుద్దితే అది పోతుంది. అలుగు మీది నల్లటి మచ్చ రెండు వందల ఏళ్ళలో ఏర్పడింది, దాన్ని గరుకు కాగితంతో తీస్తే వెన్ను మీది రాతా పోతుంది, ధర సగం పోతుంది.

చేయాల్సింది కొంచెమే. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తీయండి. ఎర్ర తుప్పు ఉంటే కొద్దిగా పలుచని నూనె రాసి ఒక రోజు వదిలి, గుడ్డతో తుడవండి. తర్వాత మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ వాక్స్ పలుచగా పూయండి. నీలం ఉన్న భాగాన్ని రుద్దనే వద్దు.

విశాఖ, కాకినాడ లాంటి చోట ఎలా దాచాలి?

ఉప్పు గాలి ఉక్కుకు పరమ శత్రువు. గాలిలో తేమ 50 శాతం లోపు ఉండేలా మూసిన అద్దాల బీరువా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టుకోండి. వానాకాలంలో కత్తిని ఒర బయటే ఉంచడం మంచిది, ఒర లోపలి చెక్క తేమను పట్టుకుంటుంది. ఒట్టి చేత్తో అలుగును తాకితే, చెమట వేలిముద్ర తుప్పుగా మారడానికి కొన్ని రోజులు చాలు. చేతి తొడుగులు వేసుకోండి.

కొమ్ము పిడి మీద సన్నని బొక్కలు పడుతున్నాయి. ఏం చేయాలి?

ఉన్ని తినే పురుగులే కొమ్మునూ తింటాయి. కత్తిని మిగతా సేకరణ నుంచి వెంటనే వేరు చేసి, ప్లాస్టిక్ సంచిలో మూసి, పురుగు పొడి రాలుతోందా అని కొన్ని వారాలు చూడండి. రాలుతుంటే మ్యూజియంలకు పనిచేసే సంరక్షణ నిపుణుల దగ్గరికి తీసుకెళ్ళండి. పురుగుల మందు నేరుగా కొడితే ఇత్తడి తీగకు చిలుము పడుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే కొమ్ము ఎండి నిలువునా పగులుతుంది, అది కూడా చూసుకోండి.